ఉబుంటు యారు థీమ్: ప్రూఫులు దిద్దే కళ్లకు హాయి

తెలుగు పుస్తకాల ప్రూఫులు దిద్దడం నా పని. రోజుకు ఎనిమిది గంటలు చూపు తెరమీదే. నా కంప్యూటర్ నడిచేది ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద. అందులో 2018 అక్టోబరులో వచ్చిన 18.10 వెర్షన్ నుంచి యారు థీమే (తెరమీది రంగులు, బొమ్మల తీరు) డిఫాల్ట్. అంతకుముందు ఆంబియన్స్ అనే థీమ్ ఉండేది. యారును తీర్చిదిద్దడంలో వాడేవాళ్ల చేయి ఎక్కువ, అది నాకు భలే ఇష్టం.

22.04 వెర్షన్‌లో యాక్సెంట్ రంగులు, అంటే బటన్లలాంటి వాటికి మనం ఎంచుకునే రంగులు, చేర్చారు. నేను బూడిద కలిసిన ఆకుపచ్చ, సేజ్, పెట్టుకున్నాను. బటన్లు, ఎంచుకున్న వరుస, చివరికి ఫోల్డర్ బొమ్మలు కూడా ఆ రంగులోకి వచ్చేశాయి! డిఫాల్ట్‌గా వచ్చే నారింజ కన్నా ఇదే కంటికి చల్లగా ఉంది.

రాత్రిళ్లు డార్క్ మోడే. నా దగ్గరున్న ఒక పాత ప్రోగ్రామ్ మాత్రం దాన్ని పట్టించుకోదు. తెరవగానే తెల్లటి కిటికీ, కళ్లు చెదురుతాయి. అయినా వేరే థీమ్ వేసుకోవాలని ఇంతవరకూ అనిపించలేదు.