గుండె-ఊపిరితిత్తుల ప్యాకేజీ టెస్టులు: డబ్బు కట్టేముందు ఇది చదవండి

ఆయాసమని వెళ్తే, డాక్టర్ చూడకముందే కౌంటర్ దగ్గర "గుండె, ఊపిరితిత్తులు రెండూ ఒకేసారి చూసేస్తాం" అని ప్యాకేజీ అంటగడుతున్నారా? ఒప్పుకోకండి. మా అమ్మ విషయంలో జరిగింది మీ ఇంట్లో పెద్దవాళ్ళకు జరగకూడదని రాస్తున్నాను.

అమ్మకు మెట్లెక్కితే ఆయాసం, తెల్లవారుజామున దగ్గు. ఈసీజీ, ఎకో (గుండె స్కాన్), ఛాతీ సీటీ, పీఎఫ్‌టీ (ఊపిరితిత్తుల పనితీరు పరీక్ష) అన్నిటికీ ముందే బిల్లు కట్టించుకున్నారు. పిల్లికూతలు వస్తున్నాయా, కాళ్ళు వాస్తున్నాయా, వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడటం లేదా అని ఒక్కరూ అడగలేదు. జబ్బు గుండెదా, ఊపిరితిత్తులదా అన్నదానికి మొదటి ఆధారం ఆ జవాబులే కదా! ఛాతీ సీటీ అయితే మామూలు ఎక్స్‌రే కంటే పదుల రెట్లు ఎక్కువ రేడియేషన్. అది ఎందుకు తీశారో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

అన్నిటికంటే ఘోరం పీఎఫ్‌టీ, అంటే గొట్టంలోకి ఊదే పరీక్ష. నిండా గాలి పీల్చి, ఒక్కసారిగా గట్టిగా వదిలి, ఊపిరితిత్తులు ఖాళీ అయ్యేదాకా ఊదుతూనే ఉండాలి. కనీసం 3 సార్లు సరిగ్గా ఊదాలి, వాటిలో మెరుగైన రెండూ దాదాపు ఒకేలా రావాలి. ఆ తర్వాత ఇన్‌హేలర్ ఇచ్చి, 15 నిమిషాలు ఆగి మళ్ళీ ఊదించాలి. అమ్మ ఒక్కసారి ఊదింది, అదీ మధ్యలో దగ్గు వచ్చి ఆగిపోయింది. టెక్నీషియన్ "చాల్లేమ్మా" అని పంపేశాడు. పొద్దున ఇన్‌హేలర్ పీల్చుకుని వచ్చారా అని కూడా అడగలేదు. పీల్చుకుంటే ఆస్తమా ఉన్నా రిపోర్టులో కనపడకపోవచ్చు. వచ్చిన రిపోర్టు: నార్మల్.

ఇక్కడితో ఆగితే ఇంత బాధ ఉండేది కాదు. "ఊపిరితిత్తులు బాగున్నాయి కాబట్టి గుండెదే, రేపే యాంజియోగ్రామ్" అన్నారు, అంటే డై ఎక్కించి గుండె రక్తనాళాలు చూసే పరీక్ష. ఎకోలో ఏ లోపమూ లేదు, అమ్మకు ఛాతీ నొప్పీ లేదు. అమ్మకు షుగర్ ఉందని తెలిసి కూడా, డై ఎక్కించే ముందు చూడాల్సిన క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) మాటే ఎత్తలేదు. సంతకం పెట్టకుండా బయటికి తీసుకొచ్చేశాం. వేరేచోట ఛాతీ డాక్టర్ మొదట కూర్చోబెట్టి అన్నీ అడిగారు, పీఎఫ్‌టీ పద్ధతిగా చేయించారు. ఆస్తమా అని తేలింది. మందులు మార్చాక అమ్మ ఇప్పుడు ఆగకుండా మెట్లెక్కుతోంది.

మొదటి ఆసుపత్రి సీటీ చిత్రాలు, ఎకో వీడియో ఇవ్వనంది. కాగితం రిపోర్టే మా చేతికొచ్చింది. మీరైతే సీడీ ఇస్తారో లేదో డబ్బు కట్టేముందే అడగండి. ప్రతి టెస్టుకూ "ఇందులో ఏం తేలితే వైద్యం మారుతుంది?" అని డాక్టర్‌నే అడగండి. పీఎఫ్‌టీ ఉంటే ఏ ఇన్‌హేలర్ ఎన్ని గంటల ముందు ఆపాలో కనుక్కోండి, మీ అంతట మీరు ఆపకండి.

ఒక్క విషయంలో మాత్రం ఈ జాగ్రత్తలన్నీ పక్కన పెట్టండి. ఛాతీ పట్టేసినట్టుండి చెమటలు పడుతున్నా, ఉన్నట్టుండి ఊపిరి అందకపోయినా ప్రశ్నలు వేస్తూ కూర్చోకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళండి. ఛాతీ నొప్పితో వెళ్తే 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలి. మొదటి ఈసీజీ, ట్రోపోనిన్ (గుండెపోటును పట్టే రక్తపరీక్ష) నార్మల్‌గా వచ్చినా కొన్ని గంటల తర్వాత మళ్ళీ చేస్తామంటే అది బిల్లు పెంచడానికి కాదు. గుండెపోటు మొదట్లో పరీక్షకు దొరక్కపోవచ్చు, కాబట్టి చేయించుకోండి.