విదేశీ డ్రగ్ హ్యాండ్‌బుక్, జాతీయ ఫార్ములరీ, ఫోనులో యాప్: వార్డు నర్సుకు ఏది మేలు?

తిరుపతిలో నర్సింగ్ ముగించి కొత్తగా డ్యూటీలో చేరే అమ్మాయిలు ఏటా నన్ను అడిగే ప్రశ్న ఒకటే. మొన్న పుత్తూరు వైపు నుంచి వచ్చి చేరిన అమ్మాయి ఒకరు వైద్య పుస్తకాల దుకాణంలో నిలబడి ఫోను చేసి, "అక్కా, డ్రగ్ హ్యాండ్‌బుక్ చేతిలోనే ఉంది, తీసుకోమంటారా, యాప్ చాలంటారా?" అని అడిగింది. అప్పటికి తీసుకోవద్దని, సాయంత్రం కూర్చుని మాట్లాడుకుందామని చెప్పాను. ఆ సాయంత్రం చెప్పినదాన్నే మరికొంత వివరంగా ఇక్కడ రాస్తున్నాను. పరీక్షల కోసం చదివే మెడికల్ సర్జికల్ పుస్తకాల సంగతి నేను ఎత్తడం లేదు. కేస్ షీటులో ఒక మందు పేరు కనబడినప్పుడు అది ఎంత ఇవ్వాలి, దేనిలో కలపాలి, ఎంత వేగంగా ఎక్కించాలి, ఇచ్చాక ఏం గమనించాలి అన్నవి అప్పటికప్పుడు తెలుసుకోవడానికి దేన్ని తెరవాలన్నదే ఇక్కడి ప్రశ్న.

మన ముందున్నవి ప్రధానంగా మూడు. నర్సుల కోసమే రాసిన విదేశీ డ్రగ్ హ్యాండ్‌బుక్కులు మొదటివి. వీటిలో ఎక్కువ భాగం అమెరికావి. ఆరోగ్య మంత్రిత్వ శాఖ తరఫున ఘజియాబాద్‌లోని భారత ఫార్మకోపియా కమిషన్ (మందుల ప్రమాణాలు నిర్ణయించే సంస్థ) వెలువరించే జాతీయ ఫార్ములరీ, అంటే మందుల వివరాల అధికారిక పుస్తకం, రెండవది. దీని మొదటి ముద్రణ 1960లో వచ్చింది, ఆరవది 2021 సంచిక. మూడవది ఫోను.

ఈ మూడింటినీ పోల్చేవారు సాధారణంగా ధర, బరువు, బొమ్మలు, భాష చూస్తారు. అవన్నీ చూడవలసినవే. కానీ ఇన్నేళ్ళ డ్యూటీ తరువాత నాకు నిర్ణాయకంగా తోచేది ఒక్కటే: నా చేతిలోని ఆంప్యూల్ (ఇంజెక్షన్ మందు ఉండే చిన్న గాజు బుడ్డి) మీద ఏ పేరు, ఏ బలం ముద్రించి ఉన్నాయో ఆ పేరే, ఆ బలమే నేను తెరిచిన పేజీలో ఉండాలి. తెల్లవారుజామున నిద్ర లేని కళ్ళతో చదివే మనిషి ఒక పేరును మరో పేరులోకి, ఒక కొలతను మరో కొలతలోకి మార్చుకోవలసిన అగత్యం ఉండకూడదు.

పేర్ల సంగతే చూడండి. మన ట్రేలో అడ్రినలిన్ ఉంటుంది, అమెరికా పుస్తకంలో అది ఎపినెఫ్రిన్. మన సాల్బుటమాల్ అక్కడ ఆల్బుటెరాల్, మన పారాసెటమాల్ ఎసిటమినోఫెన్, మన పెథిడిన్ మెపెరిడిన్, మన గ్లైబెన్‌క్లమైడ్ గ్లైబ్యురైడ్. నాలుగైదేళ్ళ అనుభవం ఉన్నవారికి ఇది ఇబ్బంది కాదు. చేరి నాలుగు నెలలైన అమ్మాయి మాత్రం అకారాదిలో అడ్రినలిన్ కోసం వెతికి, దొరకక, పుస్తకం మూసి పక్కన పెడుతుంది. ఒళ్ళంతా దద్దుర్లతో వచ్చినవారికి మన వార్డుల్లో ప్రతిరోజూ ఇచ్చే ఫెనిరమిన్, అంటే అందరం ఎవిల్ అని పిలుచుకునే ఇంజెక్షన్, అమెరికా ఆసుపత్రుల్లో వాడుకలో లేదు కనుక ఆ పుస్తకాల్లో సాధారణంగా కనబడదు.

పాము విషానికి విరుగుడు ఇంకా స్పష్టమైన ఉదాహరణ. వానాకాలం మొదలైందంటే చిత్తూరు, తిరుపతి జిల్లాల వేరుశనగ చేలల్లోంచీ వరి మళ్ళలోంచీ పాముకాటు కేసులు వస్తూనే ఉంటాయి. మనం వాడే యాంటీ స్నేక్ వెనమ్ నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగింటి విషానికి కలిపి చేసినది. పొడిగా ఉన్న వయల్‌ను 10 మిల్లీలీటర్ల స్టెరైల్ వాటర్‌తో, గట్టిగా కుదపకుండా మెల్లగా తిప్పుతూ కరిగించాలి. కాటు వేసిన పాము వదిలిన విషం మనిషి వయసును బట్టి తగ్గదు కనుక పిల్లలకూ పెద్దలకూ మోతాదు ఒకటే. అమెరికా హ్యాండ్‌బుక్ తెరిస్తే అక్కడి రాటిల్ పాముల విరుగుడు గురించి ఉంటుంది. ఆ వయల్ వేరు, ఆ లెక్క వేరు.

అయితే నన్ను నిజంగా కలవరపెట్టి ఈ అభిప్రాయానికి తెచ్చినది ఇన్సులిన్. కొన్నేళ్ళ క్రితం, అప్పుడు నేను పనిచేస్తున్న చోట, ఒక సాయంత్రం ఇన్సులిన్ సిరంజిలు అయిపోయాయి. రోగికి 20 యూనిట్ల రెగ్యులర్ ఇన్సులిన్ ఇవ్వాలి. కొత్తగా చేరిన సిస్టర్ ఒకరు మామూలు 1 మిల్లీలీటరు సిరంజి తీసుకుని, తన హ్యాండ్‌బుక్‌లో మిల్లీలీటరుకు 100 యూనిట్లని ఉంది కనుక, 0.2 మిల్లీలీటరు లాగి నాకు చూపించింది. లెక్క తప్పు కాదు, పుస్తకమూ తప్పు కాదు. కానీ ఆమె ఎడమ చేతిలోని వయల్ మీద మిల్లీలీటరుకు 40 యూనిట్లని ఉంది. లాగవలసినది 0.5 మిల్లీలీటరు, లాగినది 8 యూనిట్లు మాత్రమే. ఇద్దరు కలిసి సరిచూసుకునే అలవాటు ఉండబట్టి అది సిరంజి దగ్గరే ఆగింది. ఇదే పొరపాటు ఎదురు దిక్కున జరిగితే, అంటే 100 యూనిట్ల ఇన్సులిన్‌ను మిల్లీలీటరుకు 40 యూనిట్ల లెక్కన గీతలున్న ఎర్ర మూత సిరంజిలోకి 20వ గీత దాకా లాగితే, రోగికి 50 యూనిట్లు వెళ్ళిపోతాయి. అది ప్రాణాల మీదికి వచ్చే సంగతి. మన దేశంలో వయళ్ళలో ఎక్కువగా 40, ఇన్సులిన్ పెన్నులలో 100 పక్కపక్కనే ఉంటాయి కనుక, అమెరికా లెక్కను తలలో పెట్టుకున్నవారికి ఈ ప్రమాదం ప్రతి డ్యూటీలోనూ పొంచి ఉంటుంది. పెన్ను కాట్రిడ్జిలోంచి సిరంజితో లాగకూడదని నేను ప్రతి కొత్త సిస్టర్‌కూ చెప్పడం ఇందుకే.

ఈ ఒక్క కొలమానంతో చూస్తే జాతీయ ఫార్ములరీ ముందుంటుంది. మన దేశంలో వాడే పేర్లు, మన దేశంలో దొరికే రూపాలు అందులో ఉంటాయి. ఎవరికి ఇవ్వకూడదు, మోతాదు ఎంత, దుష్ఫలితాలేమిటి, ఎలా నిల్వ ఉంచాలి అన్నవి క్లుప్తంగా, చిన్న చిన్న వాక్యాల్లో చెబుతుంది. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన అమ్మాయిలకు ఆ క్లుప్తత గొప్ప సాయం. పేరాలకు పేరాలు సాగే ఇంగ్లీషు కంటే ఆ పొడి వాక్యాలు త్వరగా బుర్రకెక్కుతాయి. మందులను జబ్బుల వర్గాల వారీగా అమర్చడం వల్ల మొదట్లో వెతుక్కోవడం కష్టమే. వెనుక ఉన్న సూచికతో మొదలుపెట్టడం అలవాటు చేసుకుంటే నెల రోజుల్లో ఆ తడుములాట పోతుంది.

దానిలో లోటు లేదని నేను అనను. ఫార్ములరీని ముఖ్యంగా మందు రాసే వైద్యులనూ ఫార్మసిస్టులనూ దృష్టిలో పెట్టుకుని రాశారు. సూది పట్టుకునే మనిషికి కావలసిన వివరం ప్రతి మందుకూ అందులో దొరకదు. ఇక్కడే నర్సుల హ్యాండ్‌బుక్ తన విలువ చూపిస్తుంది. ఫిట్స్‌తో వచ్చిన రోగికి ఫెనిటాయిన్ రాశారనుకోండి. అప్పటికే స్టాండుకు డెక్స్‌ట్రోజ్ (చక్కెర ద్రావణం) సీసా వేలాడుతోంది. ఫెనిటాయిన్‌ను డెక్స్‌ట్రోజ్‌లో కలిపితే తెల్లగా విరిగి గొట్టంలోనే గడ్డలు కడుతుంది కనుక నార్మల్ సెలైన్‌లోనే కలపాలని, ముందూ వెనుకా సెలైన్‌తో లైను శుభ్రం చేయాలని, పెద్దవారికి నిమిషానికి 50 మిల్లీగ్రాములు దాటకూడదని, ఎక్కిస్తున్నంతసేపూ బీపీ, గుండె లయ చూస్తూ ఉండాలని మంచి హ్యాండ్‌బుక్ వరుసగా చెబుతుంది. పొటాషియం క్లోరైడ్ విషయంలోనూ అంతే. మన 10 మిల్లీలీటర్ల ఆంప్యూల్‌లో 20 మిల్లీ ఈక్వివలెంట్లు (లవణాల మోతాదును కొలిచే యూనిట్లు) ఉంటాయి. దాన్ని ఎన్నడూ నేరుగా సిరలోకి నెట్టకూడదని, సీసాలో కలిపాక బాగా తిప్పి కలపాలని, మామూలు వార్డులో గంటకు సాధారణంగా 10 మిల్లీ ఈక్వివలెంట్లకు మించి పోనివ్వకూడదని నర్సుకు అర్థమయ్యే క్రమంలో రాసేది ఆ పుస్తకాలే. అందువల్ల హ్యాండ్‌బుక్‌ను తీసి పారేయమని నేను చెప్పను. మొదటగా కొనవలసినది అది కాదని మాత్రమే నా అభిప్రాయం.

ఇక ఫోను. కేస్ షీటులో కంపెనీ పేరు రాసి ఉన్నప్పుడు దాని అసలు మందు ఏమిటో కనుక్కోవడానికి దానికి సాటి వచ్చేది లేదు, ఎందుకంటే ఫార్ములరీ మందులను అసలు పేర్లతోనే చెబుతుంది. భారతీయ బ్రాండ్లున్న యాప్ ఒకటి ఫోనులో ఉండి తీరాలి. అయినా దాన్ని ఆఖరి మాటగా తీసుకోలేను. చాలా యాపుల్లో ఆ పేజీని ఎవరు రాశారో, ఎప్పుడు సరిచూశారో కనబడదు. విదేశీ యాప్ అయితే పైన చెప్పిన పేర్ల చిక్కే తిరిగి వస్తుంది. గ్లవ్స్ వేసుకున్న చేత్తో ఫోను తీయడం, అదే చేత్తో మళ్ళీ కాన్యులా (రోగి సిరలో పెట్టిన సన్నని గొట్టం) ముట్టుకోవడం నేను చూసి ఆపిన సందర్భాలు తక్కువేమీ కాదు.

ఏ సంవత్సరపు మాట అన్నది పుస్తకాలకూ వర్తిస్తుంది. సీనియర్ల నుంచి చేతులు మారి వచ్చిన పాత ప్రతులను ఆప్యాయంగా దాచుకునే అలవాటు మనలో ఉంది. గుండె ఆగినవారికి ముందు శ్వాసమార్గం, తరువాత శ్వాస, తరువాత ఛాతీ నొక్కడం అని 2010కి ముందటి పుస్తకాల్లో ఉంటుంది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2010లో ఆ క్రమాన్ని మార్చి, పెద్దవారి విషయంలో నొక్కడాన్నే ముందుకు తెచ్చింది. 2015లో నిమిషానికి 100 నుంచి 120 సార్లని, లోతు 5 నుంచి 6 సెంటీమీటర్లని హద్దులు పెట్టింది. 2008 నాటి ప్రతి ఎంత శుభ్రంగా ఉన్నా, ఆ పేజీ ఇప్పుడు పనికిరాదు.

వీడియోలు ఒక పనిని చేతులతో ఎలా చేయాలో చూడడానికి బాగుంటాయి, మోతాదు కోసం వాటిని నమ్మవద్దు. వాట్సాప్ గుంపుల్లో తిరిగే పీడీఎఫ్‌లకు చాలాసార్లు మొదటి పేజీలే ఉండవు. ఏ ముద్రణో తెలియనిదాన్ని చూసి ఇంజెక్షన్ కలపకూడదు. ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ 1910 నుంచి నడుపుతున్న పత్రిక వృత్తి గురించి ఆలోచించడానికి మంచిది, మందుల కోసం తెరిచేది కాదు.

ఎవరూ లెక్కలోకి తీసుకోనిది ఇంకొకటి ఉంది: మందు పెట్టెలో మడిచి ఉండే కాగితం. మన చేతిలోని ఆ మందుకే, ఆ బలానికే, ఆ తయారీకే సంబంధించిన వివరం అది. అక్షరాలు చీమల బారులా ఉన్నా, దేనిలో కలపాలి, కలిపాక ఎన్ని గంటలు నిలుస్తుంది అన్నవి అందులో ఉంటాయి. మనం పెట్టె తెరవగానే దాన్ని చెత్తబుట్టలో వేస్తాం. నేను మా వార్డులో కొత్త మందు వచ్చిన ప్రతిసారీ ఒక కాగితాన్ని తీసి, నిల్వ, కలపడం, వేగం ఉన్న వాక్యాల కింద గీత గీసి, మందు అసలు పేరు వరుసలో ఫైలులో పెడుతున్నాను. కంపెనీ మారితే కాగితమూ మారుస్తాను. ఇంజెక్షన్ ట్రే పక్కనే ఉండే ఆ ఫైలును ఇప్పుడు పుస్తకాల కంటే ఎక్కువసార్లు తెరుస్తున్నారు.

పుత్తూరు అమ్మాయి మరునాడు వెళ్ళి ఫార్ములరీకి ఆర్డరు ఇచ్చి వచ్చింది. హ్యాండ్‌బుక్ మనిషికొకటి కొనేకంటే వార్డుకొకటి ఉంటే చాలని ఇద్దరం వెళ్ళి ఇన్‌చార్జి సిస్టర్‌ను అడిగాం. ఈ నెల ఇండెంటులో (వార్డుకు కావలసిన వస్తువుల జాబితాలో) రాశారు. అది వచ్చాక మొదటి అట్ట లోపల మందుల మన పేర్ల పక్కన అమెరికా పేర్లు రాసి అతికించే పనిని, ఇన్సులిన్ పేజీ మీద "మన వయల్ 40" అని ఎర్ర సిరాతో రాసే పనిని ఆ అమ్మాయికే అప్పగించాను.