ధర స్టిక్కరు కింద ఏముందో చూశాకే ప్రోబయాటిక్ పొడి వాడండి

చెన్నై ఎండల్లో ఆన్‌లైన్‌లో ప్రోబయాటిక్ పొడి (పేగులకు మేలు చేసే సూక్ష్మజీవులున్న పొడి) తెప్పించుకోవాలనుకుంటున్న మనవాళ్లు ఒక్క నిమిషం ఆగండి.

పంటినొప్పికి యాంటీబయాటిక్ వాడినప్పటి నుంచి మా అమ్మకు కడుపు ఉబ్బరం, విరేచనాలు. 1,450 రూపాయలు పెట్టి డబ్బా తెప్పించాను. మే నెల మధ్యాహ్నం వేళచ్చేరిలోని మా ఇంటికి ఉత్త అట్టపెట్టెలో వచ్చింది. ముట్టుకుంటే డబ్బా వేడిగా ఉంది. మూత తీస్తే పొడి తడిసిన పంచదారలా గడ్డకట్టింది. అనుమానం వచ్చి ధర స్టిక్కరును గోటితో గీకాను. దాని కింద ఉన్న మాట: ‘2 నుంచి 8 డిగ్రీల మధ్య నిల్వ చేయాలి’.

ప్రోబయాటిక్‌లు బతికి ఉంటేనే పనిచేసే సూక్ష్మజీవులు. లాక్టోబాసిల్లస్, బిఫిడోబాక్టీరియం రకాలు చాలావరకు వేడికి, తేమకు చచ్చిపోతాయి. బాసిల్లస్ కోయాగులన్స్ లాంటివి సిద్ధబీజాల (స్పోర్ల) రూపంలో ఉంటాయి కాబట్టి వేడిని బాగా తట్టుకుంటాయి. మా డబ్బా మీద ఏ రకమో పూర్తి పేరే లేదు, ‘లాక్టోబాసిల్లస్ మిశ్రమం’ అని మాత్రమే ఉంది. ‘5,000 కోట్ల జీవకణాలు’ అని పెద్ద అక్షరాల్లో వేసి, ‘తయారీ సమయానికి’ అన్న మాటను చీమ తలకాయంత రాశారు. గడువు తేదీ నాటికి ఎన్ని మిగులుతాయో చెప్పని లెక్క మనకెందుకు?

ఈ పరిశీలనంతా ముందే చేయవలసింది. అప్పటికే అమ్మ రెండు రోజులు, పూటకో చెంచా చొప్పున వాడింది. అందులో ఇనులిన్ అనే పీచు పదార్థం కూడా ఉంది. అది పెద్దపేగులో పులిసి గ్యాసు పుట్టిస్తుంది. ఉబ్బరం రెట్టింపై, ఆ రాత్రంతా ఆమె కూర్చునే ఉంది. మర్నాడు డాక్టరు గారు ఆ పొడి మాన్పించి, ఓఆర్‌ఎస్ తాగించి, మల పరీక్ష రాశారు. అమ్మను డాక్టరుకు చూపించడమే నేను ముందే చేయవలసిన పని.

అమ్మకందారుకు ఫోను చేస్తే, ‘సీలు తీశారు, డబ్బు తిరిగి రాదు’ అన్నారు. పైగా ఇది షుగరునూ తగ్గిస్తుందని చెప్పుకొచ్చారు! ఆహార భద్రతా నిబంధనల ప్రకారం ఇలాంటి సప్లిమెంటు రోగాన్ని నయం చేస్తుందని చెప్పి అమ్మకూడదు. డబ్బా మీద 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు ఉన్నా అది మందు కాదు. కీమోథెరపీ జరుగుతున్నవారు, అవయవ మార్పిడి చేయించుకున్నవారు డాక్టరును అడగకుండా ఏ ప్రోబయాటిక్‌నూ ముట్టుకోవద్దు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేశాను. మీకూ ఇలాంటి డబ్బా వచ్చి ఉంటే స్టిక్కరు, అట్టపెట్టె, బిల్లు పారేయకండి. స్టిక్కరు తీయకముందు ఒక ఫొటో, తీశాక మరొకటి తీసి పెట్టుకోండి.