పోలరైజర్ ఫిల్టర్: ఎండలో సగం మార్కులు, ముసురులో పూర్తి మార్కులు

పోలరైజర్ అంటే లెన్స్ ముందు బిగించి, రింగు తిప్పుతూ తళుకును తగ్గించుకునే గాజు ఫిల్టర్. దాని ప్రకటనల్లో ఎక్కువగా కనిపించేది ఒకటే బొమ్మ. ఒకపక్క వెలిసిపోయిన ఆకాశం, పక్కనే ముదురు నీలం. ఆ నీలం చూసే నేనూ 77 ఎంఎం సైజులో (లెన్స్ ముందు అంచు వ్యాసం అది) ఒకటి తీసుకున్నాను. ఏళ్లుగా ఎండలో, వానలో, మంచులో వాడాక, వానాకాలంలో బయట తిరిగి ఫొటోలు తీసేవాళ్లకే దీన్ని గట్టిగా చెబుతాను.

ముందు ఆ నీలం సంగతి. సూర్యుడికి సుమారు 90 డిగ్రీల పక్కనున్న ఆకాశం మీదే ఫిల్టర్ బాగా పనిచేస్తుంది. సూర్యుడు ఎదురుగా ఉన్నా, వీపు వెనక ఉన్నా ఎంత తిప్పినా పెద్ద తేడా రాదు. దానికి మించి, గాలి శుభ్రంగా ఉండాలి. మే నెలలో గండికోట వెళ్తే దుమ్ముతో ఆకాశం తెల్లగా ఉంటుంది, నీడలు మాత్రం నల్లగా పడతాయి. ఆ కాంట్రాస్ట్‌ను ఈ గాజుముక్క మార్చలేదు. అదే లోయ దగ్గరికి అక్టోబరులో, గట్టి వాన పడి వెలిసిన మర్నాడు వెళ్లండి. ఎర్రరాతి గోడలు, కింద పెన్నా, పైన తెల్లమబ్బులు దేనికది విడివిడిగా కనిపిస్తాయి. కొద్దిగా తిప్పితే చాలు. పూర్తిగా తిప్పితే, ముఖ్యంగా 16 ఎంఎం లాంటి వైడ్ లెన్స్‌లో, ఆకాశం మధ్యలో నల్లటి మచ్చ పడుతుంది. ఎడిటింగ్‌లో దాన్ని సరిచేయడం పెద్ద తలనొప్పి.

దీని అసలు పనితనం చూడాలంటే ముసురు పట్టినప్పుడు మారేడుమిల్లి అడవిలో చూడాలి. మబ్బు వెలుగు మెత్తగా పరుచుకుని నీడలు పోతాయి. అడవి పచ్చగా కనిపించాలి కదా, కానీ ఫొటోలో బూడిదరంగు కలిసినట్టు వస్తుంది. తడిసిన ప్రతి ఆకూ పైనున్న తెల్లటి మబ్బును అద్దంలా చూపించడమే కారణం. ఫిల్టర్ తిప్పుతుంటే ఆ తెల్లదనం ఆకు మీంచి జారిపోయి, లోపలి పచ్చదనం బయటపడుతుంది. తడి బండలూ అంతే, నల్లగా నిండుగా వస్తాయి. నీలం కావాలంటే ఎడిటింగ్‌లో పెంచుకోవచ్చు. తళుకు కింద దాగిపోయిన రంగును మాత్రం ఏ స్లయిడరూ వెనక్కి తేలేదు. ముసురులో ఆకాశాన్ని ఫ్రేమ్‌లోకి రానివ్వకపోవడమే మేలు.

దీనికి మూల్యం వెలుగు. ఒకటిన్నర స్టాపు దాకా తింటుంది (ఒక స్టాపు తగ్గితే వెలుగు సగమైనట్టు). 1/125 సెకను షటర్ వేగం దగ్గర తీసే ఫొటో 1/45కి దిగుతుంది. చెట్ల కింద చేత్తో పట్టుకుని తీసేటప్పుడు ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచక తప్పదు. జలపాతం దగ్గర మాత్రం ఈ నష్టమే లాభం: ట్రైపాడ్ ఉంటే నీటిధార నునుపుగా వస్తుంది.

ప్రతి తళుకునూ చంపేయాలని లేదు. విశాఖ బీచ్‌లో అల వెనక్కి వెళ్లాక తడి ఇసుకలో సాయంత్రపు మబ్బులు కనబడతాయి. ఫిల్టర్‌ను పూర్తిగా తిప్పితే అక్కడ మిగిలేది ఉత్త బురదరంగు ఇసుక. వాన వెలిసిన రోడ్డు మీద దీపాల వెలుగూ అలాంటిదే. ఫొటోకి ఆ మూడ్ ఇచ్చేదే ప్రతిబింబం, అందుకే ఇలాంటి చోట దాన్ని ఉంచేలా రింగు తిప్పుకుంటాను.

లంబసింగి మంచులో మాత్రం బ్యాగులోంచి తీయను. నీటిబిందువుల మధ్య వెలుగు మళ్లీ మళ్లీ చెదిరి అన్ని దిక్కులా కలిసిపోతుంది, పోలరైజర్ పట్టుకోవడానికి ఏమీ మిగలదు. దూరం పెరిగేకొద్దీ చెట్లు పలచబడుతూ పొరలుగా కనిపించడమే అక్కడి అందం. కాంట్రాస్ట్ తక్కువగా ఉండటమే ఆ ఫొటోకి బలం. వంజంగి కొండ మీద సూర్యోదయం తీసేవాళ్లకూ అంతే: ఎదురు వెలుగులో ఇది పనిచేయదు సరికదా, అదనపు గాజు వల్ల ఫ్లేర్ (ఫొటోలో పడే వెలుగు మరకలు) పెరుగుతుంది.

మన్నిక విషయానికొస్తే గాజు ఇప్పటికీ శుభ్రంగానే ఉంది, కోటింగ్ మీద వానచుక్కలు తుడిస్తే పోతాయి. నాకు చికాకు పెట్టేది రింగే. బీచ్ ఇసుక దూరి బిగుసుకుపోయింది, ఇప్పుడు తిప్పితే గరగరలాడుతుంది. లెన్స్‌కి అతుక్కుపోతే అంచు చుట్టూ రబ్బరు బ్యాండు వేసి తిప్పండి, పట్టు దొరుకుతుంది.

కొనేవాళ్లు సీపీఎల్ అనే సర్క్యులర్ రకమే తీసుకోండి. లీనియర్ రకంతో డీఎస్ఎల్ఆర్‌ల ఆటోఫోకస్, మీటరింగ్ (వెలుగు కొలత) దెబ్బతినొచ్చు. మీ దగ్గరున్న అతిపెద్ద లెన్స్ సైజుకు ఒకటి కొని, మిగతావాటికి స్టెప్-అప్ రింగులు (చిన్న లెన్స్‌కి పెద్ద ఫిల్టర్ పట్టేలా చేసేవి) వాడితే డబ్బు మిగులుతుంది. కాకపోతే అప్పుడు లెన్స్ హుడ్ (లెన్స్ ముందు అడ్డుగా పెట్టే తొడుగు) పట్టకపోవచ్చు, వానలో గొడుగు పట్టేవాళ్లు ఒకరు పక్కనుండాలి.