జాగ్రత్త: ముక్కు చుక్కల సీసా కొనేముందు వెనక్కి తిప్పి చదవండి

సైనస్ పట్టేసి, కళ్ళ మధ్య బరువెక్కి, పడుకుంటే రెండు పక్కలా ముక్కు మూసుకుపోయి నోటితో ఊపిరి తీస్తున్నప్పుడు ఎవరికైనా కావలసింది ఒక్కటే, వెంటనే గాలి ఆడటం. ఆ తొందరలో మందుల షాపుకి వెళ్ళి "ముక్కు దిబ్బడకి చుక్కలివ్వండి" అంటారు. ఇచ్చిన సీసా తెచ్చుకుని ఆ రాత్రి హాయిగా నిద్రపోతారు. నెల తిరిగేసరికి జలుబు ఎప్పుడో పోయి ఉంటుంది, దిబ్బడ మాత్రం పోదు. సీసా దిండు పక్కన లేకపోతే నిద్ర పట్టని స్థితికి వస్తారు. ఇలా ఇరుక్కున్నవాళ్ళు చాలామంది ఉన్నారు, దిబ్బడకి కారణం ఆ సీసాయేనని వాళ్ళలో ఎక్కువమందికి తెలియదు.

మొదట గమనించాల్సింది ఇది. ముక్కులో వేసుకునేవి అన్నీ ఒకటి కావు. ఒకే కంపెనీ, ఒకే పేరుతో, ఒకే సైజు సీసాల్లో రెండు వేర్వేరు సరుకులు అమ్ముతుంది. ఒకదాంట్లో ఉన్నది ఉప్పునీళ్ళు, అంటే సెలైన్. రెండోదాంట్లో ఉన్నది రక్తనాళాలను బిగించే మందు. ముందువైపు పెద్ద అక్షరాల్లో పేరు ఒకేలా కనిపిస్తుంది, తేడా అంతా పక్కనో వెనకనో సన్న అక్షరాల్లో ఉంటుంది. అక్కడ "సోడియం క్లోరైడ్ 0.65 శాతం" అనో "0.9 శాతం" అనో ఒక్కటే రాసి ఉంటే అది సెలైన్. ఎన్ని రోజులు వాడినా అలవాటు పడదు. "జైలోమెటజోలిన్", "ఆక్సీమెటజోలిన్", "నాఫజోలిన్" వీటిలో ఏ పేరున్నా అది మూడు రోజుల మందు. పెద్దవాళ్ళకి జైలోమెటజోలిన్ 0.1 శాతం, ఆక్సీమెటజోలిన్ 0.05 శాతం ఉంటుంది. పిల్లల సీసాలో అందులో సగం. బలం సగమైనా మందు అదే కాబట్టి, "పిల్లలదే కదా, ఎన్నాళ్ళయినా వాడొచ్చు" అనుకోకండి.

ఎందుకు మూడు రోజులే? ముక్కు లోపల పక్కగోడల నుంచి మెత్తటి మడతలు పొడుచుకు వచ్చి ఉంటాయి, వాటిని టర్బినేట్లు అంటారు. జలుబు చేసినప్పుడు వాటిలో రక్తం నిండి ఉబ్బుతాయి. దిబ్బడలో పెద్ద భాగం ఆ వాపే, చీమిడి కాదు. ఎంత గట్టిగా చీదినా ముక్కు తెరుచుకోకపోవడానికి కారణం అదే. చుక్క పడగానే ఆ నాళాలు ముడుచుకుని ఐదు పది నిమిషాల్లో దారి వస్తుంది, ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఉంటుంది. మందు ప్రభావం దిగినప్పుడు నాళాలు తిరిగి వదులవుతాయి. వరసగా నాలుగైదు రోజులు ఇలా బిగించి వదులుతూ పోతే, వదిలిన ప్రతిసారీ ముందుకంటే ఎక్కువ ఉబ్బడం మొదలవుతుంది. అప్పుడు ఇంకో చుక్క కావాలి. పన్నెండు గంటలు పనిచేసింది ఆరు గంటలకి, తర్వాత మూడు గంటలకి దిగిపోతుంది. తుమ్ములు లేవు, ముక్కు కారడం లేదు, ఒట్టి దిబ్బడ ఒక్కటే ఉంది, చుక్క వేస్తే పోతుంది, మళ్ళీ వస్తుంది అంటే సందేహించాల్సింది మొదట సీసానే.

ఇప్పటికే ఆ స్థితిలో ఉన్నవాళ్ళు భయపడకండి, బయటపడే దారి ఉంది. ఒకేసారి రెండు పక్కలా ఆపేస్తే రాత్రుళ్ళు గడవవు, చాలామంది రెండో రోజే మళ్ళీ సీసా అందుకుంటారు. దానికంటే ఒక పక్క మాత్రం పూర్తిగా మానేసి, రెండో పక్క పడుకునేముందు వేసుకుంటే కనీసం ఒక దారిలో గాలి ఆడుతుంది. మానేసిన పక్క సుమారు వారంలో తనంతట తానే తెరుచుకోవడం మొదలవుతుంది. అప్పుడు రెండోదీ ఆపండి. మొత్తం కుదుటపడటానికి ఒకటి రెండు వారాలు, పాత అలవాటైతే ఇంకా ఎక్కువ పడుతుంది. ఈలోగా ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే (ఫ్లూటికసోన్, మొమెటసోన్ లాంటివి) డాక్టరుని అడిగి వాడితే వాపు తగ్గడం తేలికవుతుంది. తలవైపు రెండు దిళ్ళు వేసి ఎత్తుగా పడుకుంటే ఉబ్బు కొంత దిగుతుంది.

ఈ స్టెరాయిడ్ స్ప్రే విషయంలో వచ్చే ఫిర్యాదు ఇంకో రకం. "కొన్నాను, రెండు రోజులు కొట్టాను, ఏమీ కాలేదు, పారేశాను" అంటారు. చుక్కల్లా ఐదు నిమిషాల్లో పనిచేసేది కాదిది. రోజూ వాడితే కొన్ని రోజులకి తేడా తెలుస్తుంది, పూర్తి ఫలితానికి రెండు వారాలు పట్టొచ్చు. కొత్త సీసాని బాగా ఊపి, సన్నటి పొగలా వచ్చేదాకా గాల్లోకి కొన్నిసార్లు నొక్కాలి, లేకపోతే మొదటి మోతాదుల్లో మందు రాదు. తల కొద్దిగా ముందుకి వంచి, కుడి ముక్కుకి ఎడమ చెయ్యి, ఎడమ ముక్కుకి కుడి చెయ్యి వాడండి. అలా చేస్తే సీసా మూతి సహజంగా బయటివైపుకి, అదే పక్క కంటి కొస వైపుకి తిరుగుతుంది. మధ్యగోడ మీదకి కొడితే అక్కడ ఎండిపోయి రక్తం కారుతుంది. గట్టిగా ఎగపీల్చకండి, మందు గొంతులోకి పోయి వృథా అవుతుంది.

ఇంట్లో చిన్నపిల్లలుంటే బిగించే చుక్కల సీసా వాళ్ళకి అందని ఎత్తులో, తాళం వేసిన చోట పెట్టాల్సిందే. ఈ జాతి మందులు మింగితే ఒకటి రెండు మిల్లీలీటర్లే చాలు ఐదేళ్ళలోపు పిల్లలకి ప్రాణం మీదకి రావడానికి. మగత, నెమ్మదించిన గుండె, ఊపిరి మందగించడం, స్పృహ తప్పడం దాకా పోవచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2012లో దీని గురించి ప్రత్యేకంగా హెచ్చరించింది. పెద్దవాళ్ళలో కూడా రక్తపోటు, గుండెజబ్బు, గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు), ప్రోస్టేట్ వాపు ఉన్నవాళ్ళు డాక్టరుని అడగకుండా ఈ చుక్కలు కొనకూడదు. ఒకరి సీసా ఇంకొకరు వాడకండి, మూతి ముక్కుకి తగిలిన ప్రతిసారీ క్రిములు లోపలికి పోతాయి.

ఇక ముక్కు కడిగే కిట్లు. మంచి వస్తువే, సైనస్‌కి ఇంట్లో చేసుకునేవాటిలో నిజంగా పనికొచ్చేది ఇదే. కానీ తప్పుగా కొని, తప్పుగా వాడి, చెవి నొప్పో మంటో తెచ్చుకుని మూలన పడేసేవాళ్ళే ఎక్కువ.

కొనేటప్పుడు సీసా లోపలంతా కంటికి కనపడుతుందా, బ్రష్షు పట్టే వెడల్పు మూతి ఉందా చూడండి. లోపల సన్న గొట్టాలున్న బ్యాటరీ మెషీన్లు అందంగా ఉంటాయి గానీ ఆ గొట్టాల్లో తడి ఎప్పటికీ ఆరదు, లోపల ఏం పెరుగుతోందో కనపడదు. ముక్కులో పెట్టే కొన గుండ్రంగా, మెత్తగా ఉండాలి. ఉప్పు పొట్లాలు విడిగా కొంటుంటే ఒక్కో పొట్లం ఎన్ని మిల్లీలీటర్లకో చదవండి. 240 మిల్లీలీటర్ల సీసా పొట్లాన్ని అంతకు రెట్టింపు పట్టే సీసాలో కలిపితే ద్రావణం పలచబడి ముక్కు భగ్గున మండుతుంది. "ఈ కంపెనీ పొట్లాలు బాగాలేవు, మంట పుడుతోంది" అన్న ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉన్నది ఈ లెక్క తప్పడమే. ఒట్టి నీళ్ళు పోసినా ఇంతే. శరీరంలోని ఉప్పు శాతం కంటే తక్కువ ఉన్న నీళ్ళు ముక్కు పొరలోకి చొరబడతాయి, మంట అందుకే.

పొట్లాలు లేకుండా కూడా చేసుకోవచ్చు. లీటరు నీళ్ళకి 9 గ్రాముల ఉప్పు, అంటే సన్న ఉప్పు ఐదు మిల్లీలీటర్ల చెంచాతో తల కొట్టి ఒకటిన్నర చెంచా. దాంట్లో అర చెంచా వంట సోడా వేస్తే ఇంకా మెత్తగా ఉంటుంది. అయోడిన్ గానీ, గడ్డకట్టకుండా కలిపే పొడులు గానీ లేని ఉప్పు తీసుకోండి. నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి, మణికట్టు మీద పోస్తే వేడీ చలీ తెలియనంత.

నీళ్ళ విషయంలో మాత్రం దయచేసి రాజీ పడకండి. కుళాయి నీళ్ళు తాగడానికి పనికొచ్చినంత మాత్రాన ముక్కులో పోయడానికి పనికిరావు. నీగ్లీరియా ఫౌలెరీ అనే అమీబా కడుపులోకి పోతే ఏమీ చేయదు. ముక్కు పైభాగానికి చేరితే వాసన నాడి పట్టుకుని మెదడులోకి పోతుంది. చాలా అరుదు, కానీ వచ్చినవాళ్ళలో దాదాపు ఎవరూ బతకరు. 2011లో అమెరికాలోని లూసియానాలో కుళాయి నీళ్ళతో ముక్కు కడుక్కున్న ఇద్దరు దీనితోనే చనిపోయారు. నీళ్ళు తెర్లుతూ ఒక పూర్తి నిమిషం మరగాలి. సముద్రమట్టానికి 2000 మీటర్ల పైన ఉండేవాళ్ళు మూడు నిమిషాలు మరిగించాలి. మూతపెట్టి చల్లార్చి, శుభ్రమైన మూత పాత్రలో ఉంచి 24 గంటల్లో వాడేయాలి. డిస్టిల్డ్ వాటర్ సీలు తీసి వాడినా సరే. కిట్ డబ్బా మీద నీళ్ళ గురించి ఒక్క ముక్క కూడా రాయని కంపెనీ సరుకు అసలు కొనకండి.

వాడే పద్ధతి: వాష్‌బేసిన్ మీదకి బాగా ముందుకి వంగి, నోరు తెరిచి నోటితోనే ఊపిరి తీస్తూ, సీసాని మెల్లగా నొక్కాలి. నీళ్ళు రెండో పక్క నుంచి ధారగా పడతాయి. సగం ఒక పక్క, సగం ఇంకో పక్క. మాట్లాడినా, గుటక వేసినా నీళ్ళు చెవి గొట్టంలోకి పోతాయి. తర్వాత రెండు పక్కలూ తెరిచే మెల్లగా చీదండి. ఒక పక్క మూసి గట్టిగా చీదితే ఒత్తిడి చెవికి తగులుతుంది. ముక్కు పూర్తిగా మూసుకుపోయి ఒక్క చుక్క కూడా దాటనప్పుడు, చెవి నొప్పిగా ఉన్నప్పుడు బలవంతంగా నొక్కకండి. గంట తర్వాత కిందికి వంగితే నాలుగు చుక్కలు టపటపా పడటం మామూలే, లోపల నిలిచిన నీళ్ళవి. స్టెరాయిడ్ స్ప్రే కొట్టేది కడిగిన తర్వాతే, ముందు కొడితే మందంతా కొట్టుకుపోతుంది. సీసాని ప్రతిసారీ కడిగి బోర్లించి ఆరబెట్టండి, మూడు నెలలకి మార్చేయండి.

మిగతావాటి గురించి క్లుప్తంగా. మెంథాల్ ఉన్న బామ్‌లు, ఇన్‌హేలర్ కడ్డీలు చల్లదనాన్ని తెలిపే నాడులను తట్టి గాలి ఆడుతున్నట్టు అనిపించేలా చేస్తాయి, వాపు అలాగే ఉంటుంది. ఆ ఊరట కోసమే అయితే తప్పులేదు, కానీ కర్పూరం ఉన్న బామ్ రెండేళ్ళలోపు పిల్లలకి పూయకండి, ఎవరికీ ముక్కు లోపల పూయకండి. ఆవిరి యంత్రాలు గదిలో తేమ పెంచుతాయి, సైనస్ గదుల్లోకి మందు పంపవు. మరిగే నీళ్ళ గిన్నె మీద పిల్లల్ని వంచి దుప్పటి కప్పడం ఒళ్ళు కాలే ప్రమాదం, అది మానేయండి. జింక్ కలిపి ముక్కులో వేసుకునే జెల్లులు, స్వాబులు ముట్టుకోవద్దు. వాటితో వాసన చూసే శక్తి పోతోందని ఎఫ్‌డీఏ 2009లోనే చెప్పింది.

జలుబు మాత్రల అట్ట మీద "ఫినైలెఫ్రిన్" పేరు కనిపిస్తే దిబ్బడకి అది పనిచేస్తుందని ఆశపడకండి. మింగే ఫినైలెఫ్రిన్ ముక్కు దిబ్బడకి పనిచేయదని ఎఫ్‌డీఏ సలహా కమిటీ 2023 సెప్టెంబరులో ఏకగ్రీవంగా తేల్చింది. 2024 నవంబరులో దాన్ని తీసేయాలని ఎఫ్‌డీఏ ప్రతిపాదించింది. దిబ్బడకి మింగే ఇంకో మందు సూడోఎఫిడ్రిన్ పనిచేస్తుంది, కానీ రక్తపోటు పెంచుతుంది, నిద్ర చెడగొడుతుంది. ఈ కలగలుపు మాత్రల్లో చాలావాటిలో పారసెటమాల్ కూడా ఉంటుంది. తలనొప్పికి విడిగా ఇంకో పారసెటమాల్ వేసుకుంటే తెలియకుండానే మోతాదు రెట్టింపు అవుతుంది. పెద్దవాళ్ళకి 24 గంటల్లో అన్నీ కలిపి 4 గ్రాములు దాటకూడదు.

ఇన్ని కొన్నా తలనొప్పి తగ్గనివాళ్ళకి ఒక మాట. అది సైనస్ కాకపోవచ్చు. తమకున్నది సైనస్ తలనొప్పి అని నమ్మే దాదాపు 3000 మందిని పరిశీలించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో 88 శాతం మంది లక్షణాలు మైగ్రేన్ తరహావని తేలింది. మైగ్రేన్‌లో కూడా ముక్కు కారుతుంది, కళ్ళ కింద బరువుగా ఉంటుంది, అందుకే పొరపాటు పడతాం. తలనొప్పితో పాటు వికారం, వెలుతురు చూడలేకపోవడం, మెట్లెక్కితే నొప్పి ఎక్కువవడం ఉండి, చిక్కటి పచ్చ చీమిడి లేకపోతే సైనస్ మందులు కొనడం ఆపి డాక్టరుతో ఆ మాట చెప్పండి. ఒక పక్క మాత్రమే దుర్వాసనతో కారుతుంటే అది పంటి నుంచి వస్తున్నది కావచ్చు, పైదవడ పళ్ళు కూడా చూపించుకోండి.

జలుబు సైనస్ చాలావరకు వైరస్‌దే, పది రోజుల్లో తగ్గుముఖం పడుతుంది, యాంటీబయాటిక్ అక్కర్లేదు. పది రోజులు దాటినా తగ్గకపోతే, తగ్గినట్టే తగ్గి మళ్ళీ ముదిరితే, 39 డిగ్రీల సెల్సియస్ జ్వరంతో ముఖం నొప్పి మూడు నాలుగు రోజులు వరసగా ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. కంటి చుట్టూ వాపు, ఒక వస్తువు రెండుగా కనపడటం, నుదురు ఉబ్బడం, మెడ బిగుసుకుపోవడం, మాట తడబడటం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా చేతిలో ఉన్న చుక్కల సీసా పక్కన పెట్టి ఆ గంటలోనే ఆసుపత్రికి బయలుదేరండి.