నొక్కుడు కుప్పీనా, లివర్ క్యానా? పాత ఆయిల్ క్యాన్లలో ఏది మేలు?

హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత ఇనప సామాను పరిచిన పట్టాల మధ్య నడుస్తుంటే మూడు రకాల ఆయిల్ క్యాన్లు కళ్ళబడతాయి. ఒకటి దర్జీ దగ్గర కుట్టుమిషన్ పక్కన ఉండే చిన్నది. అడుగున బొటనవేలితో నొక్కితే టక్కుమంటుంది, ముక్కు చివర చుక్క పడుతుంది. రెండోది పక్కన పిడి, పైన లివర్, లోపల పంపు ఉన్న మెకానిక్ క్యాన్. మూడోది కూజా పొట్ట, మూరెడు ముక్కు ఉన్న రైల్వే క్యాన్. మన హైదరాబాద్ షెడ్లలో మూడింటినీ కలిపి కుప్పీ అనేస్తారు.

ఇలాంటివి తెచ్చి, బాగుచేసి, మళ్ళీ పనిలో పెట్టడం నాకు చాలా ఏళ్ళుగా అలవాటు. చింతల్‌లో మా షెడ్‌లో చిన్న లేత్ (లోహాన్ని తిప్పుతూ చెక్కే మిషన్), డ్రిల్లింగ్ మిషన్ ఉన్నాయి, వాటికి రోజూ నూనె పెట్టేది ఈ పాత క్యాన్లతోనే. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ముందు అడిగేది ఏ రకం కొనాలని. నా జవాబు: వాడుకోవడానికైతే లివర్ క్యానే కొనండి, అది ఎంత తుప్పుపట్టి కనిపించినా సరే. చిన్న కుప్పీ చూడ్డానికి సులువు, చవక, కానీ దానికి జబ్బు ఒక్కటే, దానికి మందు లేదు. లివర్ క్యాన్‌కి జబ్బులు ఎక్కువే, కానీ అన్నింటికీ మందుంది.

ముందు చిన్నదాని సంగతి. దాని అడుగు కొంచెం ఉబ్బెత్తుగా, స్ప్రింగులా ఒత్తిన పల్చటి రేకు. నొక్కినప్పుడు లోపలికి పోయి నూనెని తోస్తుంది, వదిలితే వెనక్కి వచ్చి ముక్కులోంచి గాలి పీల్చుకుంటుంది. ఇంతకంటే సరళమైన యంత్రం ఉండదేమో. వాల్వు లేదు, వాషరు దాదాపు లేదు. తలకిందులుగా పట్టుకున్నా పనిచేస్తుంది, కాబట్టి కుట్టుమిషన్ సందుల్లో దీన్ని మించింది లేదు. కానీ ఆ రేకు ఏళ్ళ తరబడి లక్షసార్లు వంగి, అంచు చుట్టూ అలసిపోతుంది. ఒకరోజు వెంట్రుకంత పగులు వస్తుంది. దానిమీద టంకం వేస్తే ఆ పూటకి ఆగుతుంది, మళ్ళీ నాలుగుసార్లు నొక్కగానే పక్కన ఇంకో పగులు. వంగే చోట టంకం నిలవదు. అడుగు మొత్తం మార్చాలంటే అదే మందం, అదే ఉబ్బు ఉన్న రేకు ఒత్తాలి, అది ఇంట్లో అయ్యే పని కాదు.

అందుకే ఈ రకం కొనేటప్పుడు నేను ఒకే పరీక్ష చేస్తాను. చెవి దగ్గర పెట్టుకుని అడుగు నొక్కుతాను. చప్పుడు ఒకేసారి, గట్టిగా, పొడిగా రావాలి. బుస్సుమన్నా, రెండు ముక్కలుగా వినిపించినా పక్కన పెట్టేస్తాను. పైన సొట్టలున్నా, ముక్కు వంగినా అభ్యంతరం లేదు.

ఈ కుప్పీకి మన ఊళ్ళో ఇంకో ఇబ్బంది ఉంది. మే నెలలో రేకుల షెడ్డు కింద పెడితే లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది. కుప్పీ పక్కకి ఒరిగి ఉంటే నూనె దానంతట అదే ముక్కులోంచి కారిపోతుంది. ఉదయం తెరిచేసరికి టేబుల్ మీద మడుగు. దర్జీ షాపులో గుడ్డల పక్కన ఇలా జరిగితే ఎంత నష్టమో చెప్పక్కర్లేదు. నిటారుగా, సగానికి మించి నింపకుండా పెట్టుకోవాలి.

ఇక లివర్ క్యాన్. జుమ్మెరాత్ బజార్‌లో ఒకటి చూశాను, లివర్ కదల్లేదు. అమ్మేవాడు మాత్రం గట్టిగా చెప్పాడు: “గిది ఇత్తడి సార్, ఇనుము గాదు. ఒక్కసారి రుద్దుండ్రి, బంగారం లెక్క మెరుస్తది.” నా జేబులో పాత స్పీకర్ అయస్కాంతం ఎప్పుడూ ఉంటుంది. పెట్టగానే అతుక్కుంది, ఇత్తడైతే అతుక్కోదు. ఉక్కు మీద పల్చటి రాగిపూత, మురికి అరిగిన చోట ఇత్తడిలా కనిపిస్తోందంతే. అయినా తీసుకున్నాను, ఎందుకంటే పిడి దగ్గర అతుకులు ఎక్కడా వదల్లేదు, పంపు బిగుసుకోవడం తప్ప తప్పేమీ లేదు. ఇత్తడి ధర పెట్టకుండా తీసుకోవడానికి అయస్కాంతం పనికొచ్చింది. అది జేబులో లేకుండా ఈ బజార్లకి వెళ్ళొద్దు.

ఇంటికి తెచ్చి కిరోసిన్ నింపి రెండు రోజులు వదిలేశాను. (కిరోసిన్ దొరక్కపోతే డీజిల్ కూడా పనిచేస్తుంది.) మూడో రోజు పంపు విప్పితే లోపల నల్లటి పాకం, ముదురు బెల్లం పాకంలా తీగలు సాగుతోంది. ఎవరో ఎప్పుడో ఇందులో వంటనూనె పోసినట్టున్నారు, మిషన్ ఆయిల్ ఇంత జిగురు కాదు. పిస్టన్ చివర తోలు వాషరు ఎండిపోయి, వేలితో తాకితే బెరడులా రాలింది. దాని కింద చిన్న ఉక్కు బాలు ఉంటుంది, పిస్టన్ పైకి లేచినప్పుడు నూనెని రానిచ్చి, దిగినప్పుడు వెనక్కి పోకుండా ఆపేది. అది గూట్లో అతుక్కుని ఉంది. ఎక్కువ లివర్ క్యాన్ల రోగం ఈ బాలు అతుక్కోవడమే. లివర్ కదులుతుంది కానీ నూనె రాదు, అమ్మేవాళ్ళు పాడైందని సగానికిచ్చేస్తారు. చెక్క పుల్లతో మెల్లగా తడితే బాలు ఊడొచ్చింది. తుడిచి చూస్తే ఒకవైపు గుంటలు పడింది. సైకిల్ షాపులో అదే సైజు బాలు, పంపుకి వేసే తోలు వాషరు తెచ్చాను. వాషరు అంచు కొంచెం కత్తిరించి, ఒక రాత్రి నూనెలో నానబెట్టి, మర్నాడు బిగించాను. స్ప్రింగు పాతదే సరిపోయింది.

రెండుసార్లు లివర్ నొక్కితే గాలి. మూడోసారి ముక్కు చివర ఒక బుడగ. నాలుగోసారికి సన్నటి తీగలా నూనె, ప్రతి నొక్కుకీ ఒకే కొలత. ఆ కొలతే లివర్ క్యాన్ అసలు గొప్ప. లేత్ మీద బాల్ ఆయిలర్లు ఉంటాయి కదా, స్ప్రింగు మీద చిన్న బాలు మూసి ఉన్న నూనె రంధ్రాలు. ముక్కు చివర దాని మీద ఒత్తి పెట్టి లివర్ నొక్కితే ఒత్తిడితో నూనె లోపలికి పోతుంది. చిన్న కుప్పీకి ఆ బలం లేదు, చుక్క పైనే నిలిచి పక్కకి జారిపోతుంది. లేత్ జారే పట్టాలకి వేసే 68 గ్రేడు (ఈ అంకె చిక్కదనాన్ని చెబుతుంది) స్లైడ్‌వే ఆయిల్ లాంటి చిక్కటిది అయితే మరీ కష్టం.

వాషర్ల విషయంలో ఒక జాగ్రత్త. సైకిల్ ట్యూబు కోసి వేయడం మన దగ్గర అందరికీ అలవాటు. నూనెలో ఆ రబ్బరు ఉబ్బి, మెత్తబడి, కొన్నాళ్ళకి పంపునే బిగించేస్తుంది. తోలు వాడండి, లేకపోతే రాణిగంజ్‌లో నూనెకి తట్టుకునే నైట్రైల్ రబ్బరు వాషరు అడగండి.

మూడోది రైల్వే క్యాన్. అందంలో దీనికి సాటి లేదు. ఇంగ్లండ్‌లోని లీడ్స్ నగరంలో జోసెఫ్ కే అండ్ సన్స్ చేసిన రకానికి పిడి దగ్గరే బొటనవేలితో తెరిచే వాల్వు ఉంటుంది. డ్రైవరు ఇంజను కింద దూరి, చేయి చాపి, నూనె ఎక్కడ పడాలో అక్కడే వదలడానికి అంత పొడవు ముక్కు. నిజాం రైల్వే కాలంలో 1893లో మొదలైన లాలాగూడ వర్క్‌షాప్ మన ఊళ్ళోనే ఉంది కాబట్టి ఈ రకం మీద నాకు మమకారం ఎక్కువ. ఒంటి మీద బాణం గుర్తు కొట్టి ఉంటే అది బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తిగా నమోదైనదని అర్థం, అలాంటిది దొరికితే వదలొద్దు. కానీ బల్లమీది పనికి ఇది పెద్దది, బరువు, నూనె దాని బరువుకే కారాలి. అల్మారాలో పెట్టుకోవడానికే మేలు.

ఏ రకమైనా తుప్పు తీయడం దగ్గరే ఎక్కువ క్యాన్లు పాడవుతాయి. వైర్ బ్రష్ వేగంగా తీస్తుంది, పాత అక్షరాల్ని, రాగిపూతనీ తీసుకుపోతుంది. పైగా పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఇళ్ళకి వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90) దాటకూడదని మన దేశంలో నిబంధన వచ్చింది 2016లో. అంతకు ముందు తరాల రంగుని పొడిగా గీకి ఆ దుమ్ము పీల్చడం మంచిది కాదు. తడిపి, మాస్కు కట్టుకుని రుద్దాలి.

చాలామంది ఇప్పుడు ఎలక్ట్రాలిసిస్, అంటే కరెంటుతో తుప్పు తీయడం అంటున్నారు. వాషింగ్ సోడా నీళ్ళలో క్యాన్‌ని 12 వోల్టుల బ్యాటరీ చార్జరు నెగెటివ్‌కి, పాత ఇనప ముక్కని పాజిటివ్‌కి కలపడం. రెంచీలకీ, వైస్‌లకీ నేనూ ఇదే చేస్తాను, చాలా శుభ్రంగా వస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు మాత్రం పాజిటివ్‌కి పెట్టొద్దు, విషపూరితమైన క్రోమియం నీళ్ళలోకి వస్తుంది. హైడ్రోజన్ వాయువు కూడా పుడుతుంది కాబట్టి ఆరుబయట చేయాలి. కానీ క్యాన్‌కి ఇది సరైన మందు కాదు. కరెంటు ఎదురుగా కనిపించే ముఖం మీదే బాగా పనిచేస్తుంది, క్యాన్‌కి తుప్పు ఎక్కువగా ఉండేది లోపల. పైన ఉన్న రంగు మాత్రం పొరలు పొరలుగా లేచిపోతుంది.

క్యాన్‌కి నిమ్మ ఉప్పే (సిట్రిక్ యాసిడ్) మేలు. లీటరు గోరువెచ్చని నీళ్ళకి 50 గ్రాములు కలిపి లోపల మాత్రమే నింపండి, పైన రంగుకి తగలనీయొద్దు. జానెడు సన్నటి గొలుసు ఒకటి తీగకి కట్టి లోపలికి వదిలి ఊపితే మూలల్లో తుప్పు ఊడుతుంది. నట్లు, గులకరాళ్ళు వేస్తే ఒకటి ముక్కు మొదట్లో ఇరుక్కుంటుంది, గొలుసైతే తీగ లాగితే వచ్చేస్తుంది. మూడు నాలుగు గంటలు చాలు, రాత్రంతా వదిలితే అతుకుల టంకాన్ని కూడా తింటుంది. తర్వాత తినే సోడా నీళ్ళతో కడిగి, ఎండలో పెట్టి, వేడి తగ్గకముందే నూనె పోసి తిప్పండి. ఆలస్యమైతే పది నిమిషాల్లో కొత్త తుప్పు నారింజ రంగులో కనిపిస్తుంది. జింకు పూత ఉన్న క్యాన్‌కి ఇది వద్దు, పూత కరిగిపోతుంది.

ఇత్తడి కుప్పీలకి చింతపండు, ఉప్పు చాలు. ఉగాది ముందు బిందెలు తోమినట్టే తోమి వెంటనే కడిగేయాలి. అమ్మోనియా ఉన్న క్లీనర్ల జోలికి మాత్రం పోవద్దు. బ్రిటిష్ సైన్యం మన దేశంలో గుర్రపుశాలల దగ్గర నిల్వ ఉంచిన తూటాల ఇత్తడి తొడుగులు వానాకాలంలో పగిలిపోయేవి. శాలలోని అమ్మోనియా, ఒత్తి తయారుచేసిన లోహంలో మిగిలిన బిగువు, రెండూ కలిసి చేసిన పని అది. కుప్పీ అడుగు కూడా అలాగే ఒత్తి చేసిన పల్చటి రేకు.

నిప్పు విషయంలో నా అనుభవం ఒకటి చెప్పాలి. మొదట్లో ఒక క్యాన్‌లో గడ్డకట్టిన నూనె కరగాలని గ్యాసు పొయ్యి మీద పెట్టాను. నూనె కరగకముందే ముక్కు ఊడి పడింది. ఈ అతుకులన్నీ తగరం, సీసం కలిపిన టంకమే, 183 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలవుతుంది. అది దొరకడమే అరుదైన క్యాన్, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. కిరోసిన్ పోసిన క్యాన్‌ని వేడి చేస్తే అంతకంటే ప్రమాదం, లోపలి ఆవిరి పేలుతుంది. అతుకు మళ్ళీ వేయాలంటే వేడినీళ్ళు, సబ్బుతో పూర్తిగా కడిగి, ఆరాకే టంకం ముట్టించాలి. వేశాక కిరోసిన్ నింపి తెల్ల కాగితం మీద రాత్రంతా నిలబెట్టండి. నీరు ఆగిన చోట కూడా కిరోసిన్ కారుతుంది, పొద్దున్నకి కాగితం మీద మరక చెప్పేస్తుంది.

రంగు వేయాలా వద్దా? కంపెనీ పేరు కొంచెమైనా చదవగలిగితే వేయొద్దు. కిరోసిన్ గుడ్డతో తుడిచి, పైన నూనె చేయి రాస్తే చాలు. ఏమీ మిగలని రేకు క్యాన్‌కి రెడాక్సైడ్ ప్రైమరు, పైన ఎనామిల్.

కొత్త ప్లాస్టిక్ సీసాతో పని జరగదా అంటే జరుగుతుంది. పడితే పగులుతుంది, వేడి బల్బు తగిలితే కరుగుతుంది, ముక్కు గట్టిగా ఉండదు. నాకైతే చేతికి ఆనదు.

బాగుచేసిన క్యాన్‌లో వేసే నూనె కూడా చూసుకోవాలి. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే పేరుకుంటుంది, డిసెంబరు పొద్దున మిషన్‌లో గడ్డే. వంటనూనెలు గాలి తగిలి జిగురవుతాయి. కుట్టుమిషన్‌కి పల్చటి తెల్ల మిషన్ ఆయిల్, లేత్‌కి ఆ మిషన్ పుస్తకంలో చెప్పిన గ్రేడు. ఒక క్యాన్‌లో ఒకే నూనె, మెడకి ఒక తీగ చుట్టి రేకు చీటీ కట్టుకుంటే ఇంట్లో ఎవరూ పొరపాటు పడరు. మా షెడ్‌లో రాగిపూత లివర్ క్యాన్‌కి 68 అని కొట్టిన చీటీ ఉంది, దర్జీ కుప్పీకి తెల్ల దారం.