ట్రాన్స్‌ఫర్ కేసులో నీలం ఆయిలా, ఎర్రదా, గేర్ ఆయిలా? ఏది మేలు?

ట్రాన్స్‌ఫర్ కేసు అంటే 4డబ్ల్యూడీ, అంటే నాలుగు చక్రాలూ లాగే బళ్ళలో, ఇంజన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకి పంచే పెట్టె. జవాబు ముందే చెప్పేస్తా. డ్యాష్‌బోర్డు మీద "ఆటో 4డబ్ల్యూడీ" అనే బటన్ ఉంటే నీలం ఆయిల్, అది లేకుండా మామూలు 2హెచ్ (వెనక చక్రాలే), 4హెచ్ (నాలుగూ), 4ఎల్ (నాలుగూ, నెమ్మది గేరులో) మాత్రమే ఉంటే ఎర్ర ఆయిల్, రెండింటిలో ఏదైనా సరే గేర్ ఆయిల్ జోలికి మాత్రం పోవద్దు. ఇది 2000ల మొదట్లో అమెరికాలో వచ్చిన షెవీ సిల్వరాడో, జీఎంసీ సియెర్రా, టాహో లాంటి వాటి గురించి చెప్తున్న మాట, అన్ని ట్రక్కులకూ కాదు. జవాబు ఇంతే అయితే ఇంత రాయడం ఎందుకంటే, నేను ఈ విషయంలో ఒక చలికాలం మొత్తం టెన్షన్ పడ్డాను కాబట్టి.

ఉండేది మిచిగన్‌లో. మంచు కోసమని పాత 2004 సిల్వరాడో ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అప్పటికి ఇంజన్ ఆయిల్ తప్ప ఇంకేదీ నాకు తెలీదు, అందుకే ఒక షాపులో ఇచ్చి "ఆయిల్స్ అన్నీ మార్చెయ్యండి" అన్నాను, మార్చేశారు, బిల్లు కట్టాను. తర్వాతి నెల నుంచి మొదలైంది గోల. ఆటో 4డబ్ల్యూడీలో పెట్టి పార్కింగ్ లాట్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా మలుపు తీసుకుంటే ముందు చక్రాలు గెంతుతున్నట్టు, కింద ఎవరో పట్టుకుని లాగుతున్నట్టు ఒకటే కుదుపు. టైర్ల సైజులు తేడా ఉన్నా ఇలాగే అవుతుందని తెలిసి ముందు అవి చూశాను, నాలుగూ ఒకటే. చివరికి ట్రాన్స్‌ఫర్ కేసు విప్పి ఆయిల్ తీస్తే, నీలంగా రావాల్సింది నేరేడు పళ్ళ రసంలాగా వచ్చింది. పాత నీలం పూర్తిగా కారకముందే పైన ఎర్రది పోసేశారన్నమాట.

ఎర్రది పోస్తే ఏమైంది అంటే, బైకు నడిపిన వాళ్ళకి ఒక్క ముక్కలో అర్థమవుతుంది. స్ప్లెండర్‌లో కారు ఇంజన్ ఆయిల్ పోస్తే ఏమంటాడు మెకానిక్? క్లచ్ జారుతుంది, 4టీ ఆయిలే పొయ్యాలి అంటాడు. ఎందుకంటే బైకులో క్లచ్ ప్లేట్లు ఆయిల్లోనే మునిగి ఉంటాయి, ఆ ఆయిల్ ఎంత జారుడుగా ఉందన్నదాన్ని బట్టే క్లచ్ పట్టు. ఆటో 4డబ్ల్యూడీ ఉన్న ట్రక్కుల్లో ఉండే ఎన్‌పీ246 ట్రాన్స్‌ఫర్ కేసులోనూ అదే కథ. వెనక చక్రాలు జారగానే ఒక చిన్న మోటారు లోపలి క్లచ్ ప్లేట్లని నొక్కుతుంది, ఎంత నొక్కితే అంత బలం ముందు చక్రాలకి వెళ్తుంది. మలుపులో ముందు చక్రాలు వెనక వాటికంటే ఎక్కువ దూరం తిరగాలి కదా, ఆ కాస్త తేడాకి ఆ ప్లేట్లు ఒకదాని మీద ఒకటి మెత్తగా జారాలి. ఆటో-ట్రాక్ 2 అనే నీలం ఆయిల్ ఆ జారుడు కోసమే తయారు చేసినది. నాకున్న తేడా ఒక్కటే, బైకులో తప్పు ఆయిల్‌కి క్లచ్ జారిపోతుంది, నా ట్రక్కులో జారాల్సిన చోట పట్టేసుకుంది.

మరి ఎర్ర ఆయిల్ చెడ్డదా? కాదు. ఎర్రది అంటే డెక్స్‌రాన్ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్, క్లచ్ ప్లేట్లు లేని ట్రాన్స్‌ఫర్ కేసుకి చాలా మంచిది, పలుచగా ఉండి చలిలో కూడా చైన్‌కీ బేరింగులకీ త్వరగా అందుతుంది. అప్పట్లో మాన్యువల్‌లో డెక్స్‌రాన్ 3 అని రాశారు, దానికి లైసెన్సులు ఇవ్వడం ఈ ట్రక్కుల కంపెనీ జీఎం (జనరల్ మోటార్స్) 2006తో ఆపేసింది, ఇప్పుడు ఆ స్థానంలో డెక్స్‌రాన్ 6 పోసుకోవచ్చు. 4డబ్ల్యూడీ వెయ్యడానికి బటన్లు కాకుండా ఫ్లోర్ మీద లివర్ ఉన్న ట్రక్కు మీదైతే నీలం కోసం డబ్బు తగలెయ్యక్కర్లేదు, దానివల్ల ఒరిగేది కూడా ఏమీ లేదు.

మీకు ఏది ఉందో బటన్లు చూసి ఊహించడం కంటే గ్లోవ్ బాక్స్ తెరిచి లోపల అతికించిన స్టిక్కర్ చూడండి. అక్కడ వరసగా మూడేసి అక్షరాల కోడ్లు ఉంటాయి. ఎన్‌పీ8 అని ఉంటే ఆటో ఉన్న 246, నీలం. ఎన్‌పీ2 అంటే లివర్‌తో వేసేది, ఎన్‌పీ1 అంటే బటన్లు ఉన్నా ఆటో లేనిది, ఈ రెండింటికీ ఎర్రది. ఈ ఒక్క స్టిక్కర్ చూసి ఉంటే ఆ షాపు వాళ్ళకీ పని తప్పేది, నాకూ ఖర్చు తప్పేది.

ఇక గేర్ ఆయిల్. దీని గురించి నాకు సలహా ఇచ్చింది మా బావ. ఖమ్మంలో ఉంటాడు, పాత జిప్సీ ఉంది, దాన్ని ప్రాణంలా చూసుకుంటాడు. ఫోన్లో నా గోడు విని "ఇన్ని లెక్కలెందుకురా, 90 ఆయిల్ పోసి పడెయ్, మాది ఇన్నేళ్ళుగా నడవట్లేదా" అన్నాడు. బావ మాట తప్పు కాదు, జిప్సీకి. దాని ట్రాన్స్‌ఫర్ కేసు గేర్‌బాక్సుకి విడిగా కింద వేలాడుతూ ఉంటుంది, లోపల చైన్ లేదు, అంతా గేర్లే, పళ్ళ మధ్య నలిగినా తట్టుకునే చిక్కటి ఆయిలే దానికి కావాలి. నా దాంట్లో చైన్ ఉంది, ఆయిల్‌ని పైకి తోడే చిన్న పంపు ఉంది, పైగా జనవరిలో మైనస్ 15 డిగ్రీల చలి. చిక్కటి ఆయిల్‌ని ఆ పంపు లాగలేదు, లాగేలోపు పైన బేరింగులు పొడిగా తిరుగుతాయి. "మీ జిప్సీ వేరు బావా" అంటే కాసేపు అలిగాడు, అది వేరే సంగతి.

ఇంకో రకం మనుషులు ఉంటారు, ఒకే బాటిల్ అన్ని బళ్ళకీ పోసేవాళ్ళు. మల్టీ వెహికల్ అని రాసి, వెనక చీమలంత అక్షరాల్లో ఇరవై పేర్లు వేసిన బాటిల్. ఆ పేర్లలో ఆటో-ట్రాక్ 2 లేకపోతే నా లాంటి ట్రక్కుకి అది వట్టి ఎర్ర ఆయిలే. పట్టేది రెండు క్వార్టులు, అంటే దాదాపు 1.9 లీటర్లు. కంపెనీ నీలం ఆయిల్ కొన్నా ఆ రెండు బాటిళ్ళ మీద పడే తేడా ఇద్దరు వెళ్ళి బిర్యానీ తినేంత కూడా ఉండదు, అక్కడ పిసినారితనం ఎందుకో నాకైతే అర్థం కాదు.

జీప్ రాంగ్లర్ ఉన్నవాళ్ళకి ఈ గొడవే లేదు, వాళ్ళకి ఏటీఎఫ్+4, అది ఇంకో ఎర్ర ఆయిల్. కొత్త టొయోటా టకోమా, 4రన్నర్‌లకి కంపెనీ వాళ్ళదే 75డబ్ల్యూ ట్రాన్స్‌ఫర్ ఆయిల్ ఒకటి ఉంది, ధర చూసి గుండె పట్టుకోకండి. నీలం ఆయిల్ మంచిదన్నానని వీటిలో తెచ్చి పొయ్యకండి మళ్ళీ.

ఇప్పుడు అసలు భయం. ఈ 246లో సరైన ఆయిల్ పోసినా ఒక్కోసారి లోపల ఆయిలే ఉండదు. పంపు చుట్టూ ఉన్న భాగం అదురుతూ అదురుతూ వెనక వైపు పెంకుని లోపలి నుంచి అరగదీసి, ఏళ్ళకి చిన్న చిల్లు పెడుతుంది. పెంకు మెగ్నీషియంది, మెత్తన. ఆ చిల్లు ఆయిల్ మట్టం కంటే పైన ఉంటుంది కాబట్టి బండి ఆపితే ఒక్క చుక్క కారదు, నేల మీద మరక ఉండదు, హైవే మీద పోయేటప్పుడు మాత్రం చిమ్మి చిమ్మి మొత్తం పోతుంది. మరక లేదు కదా అని హాయిగా ఉన్నవాళ్ళ కేసులు కాలిపోయేది ఇలాగే. అందుకని ఏ ఆయిల్ మేలు అనే చర్చ కంటే ముందు ఏడాదికోసారి మట్టం చూడండి, వెనక పెంకు పైభాగం తడిగా, జిడ్డుగా ఉందేమో వేలితో తడిమి చూడండి. అరగకుండా పంపుకి తొడిగే చిన్న ప్లేట్లు విడిగా అమ్ముతారు, కాకపోతే అవి వెయ్యాలంటే కేసు విప్పాలి.

మార్చేటప్పుడు ముందు పైన ఉన్న నింపే బోల్టు ఊడుతుందో లేదో చూసుకున్నాకే కింద బోల్టు విప్పండి. ఇక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అవి తుప్పు పట్టి బిగుసుకుపోతాయి, ఉన్న ఆయిల్ తీసేసి కొత్తది పొయ్యలేక బండిని జాకీల మీద వదిలేసిన మహానుభావులు ఉన్నారు. కింది బోల్టు దగ్గర కాటుకలాంటి బూడిదరంగు పేస్టు ఉంటే పర్వాలేదు, ఇనుప ముక్కలు చేతికి తగిలితే మాత్రం ఆయిల్‌తో పోయే జబ్బు కాదు. బండి సమంగా నిలబెట్టి, పై రంధ్రం నుంచి ఆయిల్ కారడం మొదలయ్యేదాకా నింపాలి.

నాది ఒకసారి నీలం పోసి, రెండు వారాలు తిప్పి, మళ్ళీ తీసేసి కొత్త నీలం పోశాను, లోపల ప్లేట్ల మధ్య మిగిలిన ఎర్రది కూడా పోవాలని. మొదటిసారికే కుదుపు సగం తగ్గింది, రెండోసారికి మలుపులో ఏమీ తెలియలేదు. ఇప్పుడు 50 వేల మైళ్ళకోసారి మారుస్తున్నాను, కేసు మీద తెల్ల పెయింట్ పెన్నుతో "నీలం మాత్రమే" అని తెలుగులో రాసి పెట్టాను. మా ఆవిడ అడిగింది, అమెరికా మెకానిక్‌కి తెలుగెలా అర్థమవుతుందని. ఏం రాశారని నన్నే పిలిచి అడుగుతాడుగా!